ఒక తాలూకా ఎక్కువైంది

శనివారం పొద్దున కామా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా జాబితా ప్రెస్సుకి పంపాలి. సాయంత్రం బస్సెక్కి అత్తగారి ఊరు వెళ్ళాలి. భార్య చేతిలోని సంచీ అందుకుని, ఏమీ మాట్లాడకుండా ఆవిడని ఇంటికి తీసుకురావాలి. ఏమీ మాట్లాడకపోవడం ఈ పథకంలో అన్నిటికన్నా కష్టమైన భాగం. అతను నోరు విప్పితే ఎదుటివాళ్ళ మాట దిద్దకుండా మూయలేడు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఆఫీసులో అందరికీ అతను కామా. ఎదురుపడితే కామాగారు. పెద్దాఫీసరు రాసిన సెలవు చీటీలో కూడా కామాలు పెట్టి వెనక్కి పంపిన ఘనుడు కాబట్టి ఆ పేరు అతనికి అతికినట్టు సరిపోయింది. దేశంలోని రాష్ట్రాలు, వాటిలోని జిల్లాలు, వాటిలోని తాలూకాలు, అన్నిటినీ వరసగా, స్పష్టంగా, తప్పుల్లేకుండా ఒక పుస్తకంగా కూర్చడం అతని ఉద్యోగం. ఆ పుస్తకం చూసే పోస్టాఫీసువాళ్ళు ఉత్తరాలు పంచుతారు, బస్సులవాళ్ళు బోర్డులు రాయించుకుంటారు, టెలిఫోనువాళ్ళు తీగలు లాగుతారు. "మన పుస్తకంలో లేనిది దేశంలో లేదయ్యా" అని సూపరింటెండెంటు వచ్చిన ప్రతివాడితోనూ అంటూ ఉంటాడు. ఆయన గొప్పలు పోతున్నాడనే అందరూ అనుకునేవారు.

భార్య పుట్టింటికి వెళ్ళి వారమైంది. కారణం వింటే మీరూ ఆవిడ పక్షమే మాట్లాడతారు. వంటింట్లో డబ్బాలు కాస్త సర్దిపెట్టమని ఆవిడ అడిగింది. కామా వాటిని అక్షరక్రమంలో సర్ది, అన్నిటికీ చీటీలు అంటించాడు. చక్కెర పక్కన చీమలమందు వచ్చింది. ఆవిడ గుండె బాదుకుంటే, "వరస అంటే వరసే కదా" అన్నాడు.

"మీకు కావలసింది ఇల్లు కాదండీ, పట్టిక" అని ఆవిడ బట్టలు సర్దుకుంది. గుమ్మం దాటుతూ గడువు కూడా పెట్టింది. "శనివారం సాయంత్రం బస్సుకి మీరొచ్చి పిలిస్తే వస్తాను. రాలేదంటే, ఇక నన్ను పిలవనే వద్దు."

ఆవిడ పంతం పట్టిందంటే పట్టిందే. శనివారం సాయంత్రం బస్సు తప్పితే తన కాపురం కూడా దాంతోపాటే తప్పిపోతుందని కామాకి బాగా తెలుసు.

ఇక ఆ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. లోకంలో ఎవరైనా పుస్తకం పూర్తయ్యాక ముందుమాట రాస్తారు. ఇక్కడ ముందుమాట ముందు అచ్చవుతుంది. పెద్దాఫీసరు ఫోటో, సంతకం, రెండు పేజీల ఉపదేశం, దేశంలో మొత్తం తాలూకాలు ఎన్నో లావుపాటి అంకెల్లో, అన్నీ నున్నటి కాగితం మీద అచ్చయి కట్టలు కట్టలుగా వచ్చేస్తాయి. ఆ తరవాత దానికి తగ్గట్టు దేశాన్ని కూర్చుకోవాలి. ఏటా ఇదే తంతు. ఏటా లెక్క సరిపోయేది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

ఆ శనివారం కామా జాబితా చివరిదాకా లెక్కపెట్టి కలం కింద పెట్టాడు. ఒకటి ఎక్కువ వచ్చింది.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఒకటి ఎక్కువే. టైపిస్టుని పిలిచాడు. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్క పేరే పైకి చదువుతూ లెక్కపెట్టింది. "ఒకటెక్కువండీ కామాగారూ" అని చుట్టూ ఒకసారి చూసింది. సూపరింటెండెంటు కళ్ళజోడు తుడుచుకుని, తలుపు వేయించి, పెదవులు మాత్రమే కదుపుతూ లెక్కపెట్టాడు. చివరికొచ్చేసరికి ఆయన మెడ వెనక్కి తిప్పి చూశాడు. గదిలో ముగ్గురే ఉన్నారు. అయినా ఎవరో చప్పుడు చేయకుండా వచ్చి వరసలో కూర్చున్నారన్న అనుమానం ముగ్గురికీ ఒకేసారి కలిగింది.

"ముందుమాటలో అంకె దిద్దుదామండీ" అన్నాడు కామా.

"అది అచ్చయిపోయిందయ్యా. ఫోటోతో సహా. నీకు దిద్దాలని అంత దురదగా ఉంటే దేశాన్ని దిద్దు."

"దేశాన్నా అండీ?"

"మొత్తం దిద్దమన్నానా? ఒక్క తాలూకా తీసెయ్. తరవాత తీరిగ్గా తప్పొప్పుల పట్టికలో చూసుకుందాం. అవతల ప్రెస్సు మేనేజరు గుమ్మంలో నుంచుని నా ప్రాణం తీస్తున్నాడు."

తీయమన్నంత సులువు కాదు తీయడం. ఒకదాంట్లో మంత్రిగారి తోట ఉంది. ఒకదాంట్లో సూపరింటెండెంటు బావమరిది ఇల్లు కడుతున్నాడు. టైపిస్టు తన పుట్టిన ఊరున్న వరస మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది, మంచినీళ్ళకి కూడా లేవలేదు. కామా కలం పేజీలన్నీ తిరిగి తిరిగి ఒక పేరు దగ్గర ఆగింది. అది అత్తగారి తాలూకా.

"మా తాలూకా పేరు అంత చిన్న అక్షరాల్లో వేశావేం అల్లుడూ?" అని పోయిన ఏడు మామగారు నలుగురిలో నిలదీశాడు. వెళ్ళినప్పుడల్లా ఆ తాలూకా పేరు సాగదీసి పలుకుతూ అదే పాట. కామా విననట్టు నటించడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు చూడగానే అతని పెదవి మీద ఒక చిన్న నవ్వు వచ్చింది. అది మంచి నవ్వు కాదు. తీసేస్తే అరిచేది మామగారొక్కడే, అరిచినా అది ఇంటి గొడవే, మళ్ళీ తప్పొప్పుల పట్టికలో వేసేస్తే సరి అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఎర్రసిరాతో ఆ పేరు మీద గీత గీశాడు.

పైనున్న పేరూ కిందనున్న పేరూ దగ్గరికి జరిగాయి. లెక్క సరిపోయింది. ప్రెస్సు మేనేజరు కాగితాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గదిలో గాలి ఆడటం ఆగినట్టయింది. టైపిస్టు లేచి, మూసి ఉన్న కిటికీని మళ్ళీ మూసింది.

సాయంత్రం బస్టాండులో కామా ఎప్పటి బస్సు దగ్గరికే వెళ్ళాడు. ఊరి పేరు చెప్పి టిక్కెట్టిమ్మన్నాడు. కండక్టరు టిక్కెట్ల కట్ట అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అలాంటి ఊరు లేదండీ."

"అదేంటయ్యా, పోయిన వారం నువ్వేగా మా ఆవిడకి టిక్కెట్టిచ్చింది!"

"నేనా? ఈ రూట్లో దీని తరవాత అదీ, దాని తరవాత అదీను. మధ్యలో ఏమీ లేదు. కావాలంటే బోర్డు చూసుకోండి."

బోర్డు మీద పేర్ల మధ్య ఖాళీ కూడా లేదు. ఉంటే కనీసం అక్కడేదో ఉండేదని వాదించడానికి ఆధారం దొరికేది. బెంచీ మీద ఒక పెద్దావిడ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ కామా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నేను ఇంటికి బయల్దేరాను. ఎక్కడికో గుర్తు రావటం లేదు. ఈ బస్సులన్నీ చూస్తున్నా, ఒక్కటీ నాది కాదు."

కామా ఆ చెయ్యి విడిపించుకుని టెలిఫోను దగ్గరికి పరుగెత్తాడు. అత్తగారింటి నంబరు చెప్పాడు. అవతలి అమ్మాయి, "ఆ నంబరు మా దగ్గర లేదండీ" అంది.

"పోనీ ఆ ఊళ్ళో ఇంకెవరి నంబరైనా ఇవ్వండి."

"ఏ ఊళ్ళో అండీ?" అంది. అంతలోనే, "ఆగండి. మీ మాట వెనకాల ఇంకెవరో మాట్లాడుతున్నారు. ఏదో బస్సు టైము అడుగుతున్నారు" అంది. లైను తెగిపోయింది. శనివారం సాయంత్రం బస్సు అతని కళ్ళ ముందే బయల్దేరి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కంచాలు పెడుతోంది. మూడు పెట్టి, మూడోదాని వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఒరేయ్, మనం ఇద్దరమేగా? మరి మూడెందుకు పెట్టాన్రా?"

"మూడోది నీ కోడలిదమ్మా."

"ఏ కోడలు?" అంది అమ్మ. కామా ముఖంలోకి చూసి, మెల్లగా అతని పక్కన కూర్చుంది. "నాన్నా, నీకు పెళ్ళి చేసుకోవాలని ఇంత మనసున్నట్టు నాకు చెప్పొద్దూ? ఎప్పుడూ ఆ జాబితాలేనని ఊరుకున్నా. పక్కింటి దర్జీకి వరసకి మేనకోడలుందట. రేపే కనుక్కుంటా."

కామా గోడ మీది పెళ్ళిఫోటో దగ్గరికి వెళ్ళాడు. కొత్త కోటు వేసుకుని అతను కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. అతని వెనక తనవైపు బంధువులు వరసగా నిలబడి ఉన్నారు. ఖాళీ కుర్చీ వెనక గోడ కనిపిస్తోంది. ఫోటోలో ఉన్న కామా మాత్రం ఆ కుర్చీ వైపు కొద్దిగా వంగి, సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. తన నవ్వుకి తనకే భయం వేసి అతను ఫోటో తిప్పేశాడు.

ఆదివారం పొద్దున అతను ఆ ఊరికి ముందు వచ్చే స్టాపులో దిగాడు. దారి అతనికి కొట్టిన పిండి. తిన్నగా నడిస్తే అత్తగారి తాలూకా మొదలవ్వాలి. నడిచాడు. రెండు పక్కలా చెట్లున్నాయి గానీ వాటి నీడ ఒకవైపే పడుతోంది. పక్షి ఒకటి ఎదురుగా ఎగురుతూ వచ్చి, మధ్యలో ఆగి, పని మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగింది. ఇంకొంచెం నడిస్తే ఒక టీకొట్టు వచ్చింది. అది ఆ ఊరి తరవాతి స్టాపు.

అతను వెనక్కి నడిచాడు. ముందు స్టాపు వచ్చింది. మళ్ళీ ముందుకు నడిచాడు. టీకొట్టాయన గ్లాసు అందిస్తూ, "అటూ ఇటూ తిరక్కండి. మీలాగే పొద్దుట్నించి ఇద్దరు ముగ్గురు తిరిగారు. కాళ్ళనొప్పి తప్ప ఏమీ లేదు" అన్నాడు.

"ఈ మధ్యలో ఒక ఊరుండాలి కదండీ?"

టీకొట్టాయన గొంతు తగ్గించాడు. "నాకో పొలం ఉంది. దానికి పడమర మా తమ్ముడిది. తూర్పున ఎవరిదని మా ఆవిడ అడిగింది నిన్న. ఎంత ఆలోచించినా తట్టలేదు. అప్పట్నించి తూర్పువైపు వెళ్ళడం మానేశాం. అటు చూసి మాట్లాడటం కూడా మానేశాం. మీరూ కొంచెం ఇటు తిరిగి కూర్చోండి."

కామా ఇటు తిరిగి కూర్చున్నాడు. వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉంది. ఆ చూపు అతనికి తెలుసు. ఆలస్యంగా ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలో నుంచి పడే చూపు అది. ఆవిడ ఇక్కడే ఎక్కడో, అడుగు దూరంలో, తన కోసం ఎదురుచూస్తోందని అతనికి అర్థమై ఏడుపొచ్చింది. టీ డబ్బులు ఇచ్చి, కళ్ళు తుడుచుకుని, బస్సెక్కాడు. బస్సులో ఇంకో సంగతి తెలిసింది. వెళ్ళేరోజు ఆవిడ ఏ రంగు బట్టలు కట్టుకుందో గుర్తు రావటం లేదు.

సోమవారం అందరికన్నా ముందు ఆఫీసుకి చేరాడు. సూపరింటెండెంటు రాగానే కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు.

"మనం తీసేసిన తాలూకాని మళ్ళీ వేసెయ్యాలండీ. ఇప్పుడే."

"తీసేశామా? ఏది?"

"మీరే తీయమన్నారు కదండీ! శనివారం! ఒకటి ఎక్కువైందని!"

సూపరింటెండెంటు శనివారంనాటి కాగితం తెప్పించాడు. కామా చూపించిన చోట ఎర్రగీత ఉంది. గీత కింద పేరు లేదు. తెల్లకాగితం మీద ఊరికే గీసిన గీతలా ఉంది.

"కలం జారిందేమోనయ్యా. సరే, నువ్వన్నట్టే అనుకుందాం. కొత్తగా తాలూకా చేర్చాలంటే ఆ తాలూకా నుంచి అర్జీ రావాలి. దాని మీద ఆ తాలూకా ముద్ర ఉండాలి."

"తాలూకా లేకపోతే ముద్రెక్కడిదండీ?"

"తాలూకా లేకపోతే చేర్చడమెందుకయ్యా?"

ఈ ప్రశ్నకి జవాబు లేదని కామాకి తెలుసు. ఎందుకంటే పదేళ్ళ కిందట ఈ నిబంధన రాసినవాడు తనే. అప్పుడు దానిలో కామాలు చాలా బాగా కుదిరాయని పెద్దాఫీసరు మెచ్చుకున్నాడు.

"తప్పొప్పుల పట్టికలో వేద్దామండీ పోనీ."

"వేద్దాం. కానీ మొత్తం మారకూడదు. ముందుమాట ముందుమాటే. ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికి పోవాలి. ఏంటయ్యా ఆ ముఖం? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా? అవునూ, నీకింట్లో ఎవరున్నారు?"

"మీకు పెళ్ళయిందాండీ కామాగారూ?" అంది టైపిస్టు పక్కనుంచి, నిజంగానే తెలుసుకోవాలని. వాళ్ళ పెళ్ళికి పెద్ద దుప్పటి బహుమతిగా తెచ్చి, భోజనాల దగ్గర రెండుసార్లు వడ్డించుకున్న మనిషి ఆవిడ.

కామా తన బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం తీశాడు. ముందు ఆ తాలూకా పేరు రాసిపెట్టుకోవాలనుకున్నాడు. కలం కాగితం మీద ఆనింది గానీ పేరు రాలేదు. ఇన్ని తాలూకాల పేర్లు నిద్రలో అడిగినా చెప్పే మనిషికి ఆ ఒక్క పేరూ నాలుక చివర దాకా వచ్చి జారిపోతోంది. ఆవిడ గొంతు గుర్తు తెచ్చుకోబోయాడు. అదీ దూరంగా ఎవరో పక్క గదిలో మాట్లాడుతున్నట్టు వినిపించింది. పెళ్ళాం కనిపించకపోవడం ఒక బాధ. ఇంకో గంటలో తనకి పెళ్ళాం లేదని తనే నమ్మేసి, హాయిగా ఇంటికి పోయి, దర్జీ మేనకోడలి గురించి అమ్మ చెప్పేది తలూపుతూ వింటాడేమోనన్న ఊహ అంతకన్నా భయంకరంగా ఉంది.

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చీకట్లోంచి మామగారి గొంతు వచ్చింది. "మా తాలూకా పేరు అంత చిన్న అక్షరాల్లో వేశావేం అల్లుడూ?" ఇన్నేళ్ళూ విననట్టు నటించాడే గానీ చెవులు వింటూనే ఉన్నాయి. ముసలాయన సాగదీసి, దీర్ఘాలు ఒత్తి, నలుగురికీ వినబడేట్టు పేరు చెప్పాడు. కామా పెద్ద పెద్ద అక్షరాలతో గబగబా రాసేశాడు. జీవితంలో మొదటిసారి మామగారి మీద ప్రేమ పుట్టింది.

ఇప్పుడు బయటికి పంపడానికి ఇంకొకటి కావాలి. అతను జాబితా ముందు పెట్టుకున్నాడు. శనివారం నాడు అవి పేర్లు. ఇప్పుడు ఏ పేరు మీద కలం పెట్టినా దాని కింద ఎవరో కదులుతున్నట్టుంది. ఏదో ఒక గుమ్మంలో ఎవరో ఒకరు కూర్చుని, ఎవరి కోసమో బస్సు వచ్చే వైపు చూస్తున్నారు. అన్ని పేజీలూ తిరిగినా కొట్టేయదగ్గ పేరు ఒక్కటీ లేదు.

ఒకటి మిగిలింది. ఆఫీసుకీ అతని ఇంటికీ మధ్య నది ఉంది. వంతెన దాటితే వేరే తాలూకా. అతను ఉండేది అందులో. అమ్మ ఉండేది అందులో. దర్జీ, పాలవాడు, ఎదురింటి పియానో మాస్టారు, ఇంకా పేరు తెలియని వేలమంది అందులో. వాళ్ళందరి తరఫునా గీత గీయడానికి తనెవడు? అలా ఆలోచిస్తే, మొన్న గీసినప్పుడు మాత్రం తనెవడు? వంతెన వైపు తిరిగి వాళ్ళందరినీ చేతులెత్తి క్షమించమన్నాడు. మొదటి గీత ఉడుకుమోతుతనంతో గీశాడు. రెండో గీత ఏడుస్తూ గీశాడు.

లెక్క సరిపోయింది. ప్రెస్సు మేనేజరు సవరించిన కాగితాలు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. అతని అడుగుల చప్పుడు ఆగగానే సూపరింటెండెంటు తలెత్తి కామా వైపు చూశాడు.

"ఎవరండీ మీరు? అర్జీలయితే కిందండీ, కింద."

హాజరుపట్టీలో అతని వరస లేదు. కుర్చీ మీద అప్పటికే ఎవరివో ఫైళ్ళు పెట్టేశారు. టైపిస్టు మర్యాదగా తలుపు తీసి పట్టుకుంది. "పాపం, ఎవరో పెద్దమనిషి, దారి తప్పినట్టున్నారు" అని లోపలికి చెప్పడం అతనికి మెట్ల మీద వినిపించింది.

వంతెన అవతలికి బస్సు వెళ్ళటం లేదు. అతను నడిచాడు. వంతెన సగం దాకా బళ్ళు, మనుషులు. సగం దాకా వచ్చినవాళ్ళు ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నారు. మిగతా సగం మీద తను ఒక్కడే. నీళ్ళ మీంచి పొగమంచు లేచింది. పొద్దు గూకలేదు గానీ దాని వెలుగు ఇటువైపు రావటం మానేసింది. భయంతో అతను దాదాపు పరుగెత్తాడు.

అవతల వీధి మామూలుగానే ఉంది. పియానో మాస్టారి ఇంట్లోంచి ఎప్పటి తప్పు స్వరమే వినిపిస్తోంది. దర్జీ గుమ్మంలో నుంచుని, "వంతెన అవతలి గిరాకీలు ఒక్కళ్ళూ రాలేదండీ ఇవాళ. ఏమైందో ఏంటో" అన్నాడు. కామా తల వంచుకుని పక్కనుంచి జారుకున్నాడు.

గుమ్మంలోనే అమ్మ ఎదురైంది. "కోడలిని తీసుకురాలేదేంరా? శనివారం వెళ్తానన్నావుగా? సిగ్గులేదూ?" అని కేకలేసింది. అంత కమ్మని తిట్లు అతను ఎప్పుడూ తినలేదు. గోడ మీది ఫోటోని ఇటు తిప్పి చూశాడు. కుర్చీలో ఆవిడ ఉంది. వెనక అత్తగారూ మామగారూ వరసగా ఉన్నారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు గానీ అందరూ ఉన్నారు. అది చాలు. ఆవిడ ఊరు దేశంలో ఉంది, ఆవిడ ఆ ఊళ్ళో ఉంది. ఇటునుంచి అటు ఒక్క మాట వెళ్ళదు, ఇలాంటి మొగుడొకడు ఉన్నాడని ఆవిడకి ఇక గుర్తుండదు. కామా మెట్ల మీద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అమ్మ ఎంత పిలిచినా లోపలికి వెళ్ళలేదు.

వీధి చివర పొగమంచులో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. చేతిలో సంచీ, చెదిరిన జుట్టు, మడమల దాకా దుమ్ము. ఆ మనిషి ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి, లోపలికి తేరిపార చూసి, తల అడ్డంగా ఊపి, తరవాతి గుమ్మానికి వస్తోంది. ఆ మనిషి అతని ముందు ఆగింది. కిందినుంచి పైదాకా చూసింది.

"మీరేనా?" అంది.

కామా మెట్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"మీరెవరో నాకు తెలీదు. ముందే చెబుతున్నా. శనివారం సాయంత్రం నుంచి మా గుమ్మంలో కూర్చున్నా. బస్సు రాలేదు. ఆదివారం ఎవరో మా ఊరి బయట టీ తాగుతూ వీపు నావైపు తిప్పి కూర్చోవడం కూడా చూశా. ఇవాళ మధ్యాహ్నం ఉన్నట్టుండి మా నాన్న, 'ఎవరి కోసం కూర్చున్నావే?' అన్నాడు. ఎవరి కోసమో గుర్తు రాలేదు. పేరు గుర్తు లేదు, ముఖం గుర్తు లేదు, ఊరు గుర్తు లేదు. కానీ ఒళ్ళంతా కోపం. ఇంత కోపం ఊరికే ఎలా వస్తుందండీ? ఎవరో ఒకడు ఉండాలిగా దీనికి? కండక్టరు ఇటువైపు ఊరే లేదన్నాడు. వంతెన సగంలో అందరూ వెనక్కి తిరిగారు. నాకూ తిరగాలనిపించింది. కోపం తిరగనివ్వలేదు. అది ఎటు లాగితే అటు వచ్చా. మీ ముందుకొచ్చేసరికి ఆగింది."

"నేనే" అన్నాడు కామా. "నేనే. తప్పంతా నాదే."

"ఏం తప్పు?"

అతను మొత్తం చెప్పాడు. ముందుమాట, ఎర్రసిరా, మామగారి మీద అక్కసు, రెండో గీత, అన్నీ. ఆవిడ సంచీ దించకుండా విన్నది.

"మా ఊరిని తిరిగి వేయడానికి మీ ఊరు కొట్టేశారా?"

"ఇంకేదీ కొట్టేయబుద్ధి కాలేదు."

"అంటే ఇప్పుడు నేను ఏ ఊళ్ళోనూ లేనట్టేనా?"

"అవును. ఇది దేశంలో లేదు. నువ్వు వెనక్కి వెళ్ళిపోవచ్చు. అక్కడ అన్నీ ఉన్నాయి."

ఆవిడ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. కోపం కొంచెం కొంచెంగా దిగుతున్నకొద్దీ ఆ కళ్ళలో గుర్తుపట్టడం మొదలైంది. ముందు కనుబొమలు, తరవాత ముక్కు, చివరికి మొత్తం మనిషి.

"ఓహో, మీరా!" అంది నీరసంగా. తరవాత సంచీ అతని చేతికిచ్చి, "అత్తయ్యా, కాసిని నీళ్ళు పెట్టండి, కాళ్ళు కడుక్కుంటా" అని లోపలికి వెళ్ళిపోయింది.

కామా సంచీ పట్టుకుని ఆవిడ వెనకే వెళ్ళాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ ఏడు దేశ పాలనా విభాగాల జాబితా ఒక్క తప్పు కూడా లేకుండా వెలువడిందని పెద్దాఫీసరు మురిసిపోయి, దాన్ని కూర్చిన మనిషికి స్వయంగా మెచ్చుకోలు ఉత్తరం రాశాడు. ఎవరి పేరున, ఏ తాలూకాకి పంపాలో తెలియక సూపరింటెండెంటు దాన్ని ఫైల్లో పెట్టాడు.